పాడైన చీలల గూడు

అనగనగా ఒక ఊరు ఉండేది. దాని పేరు మాత్రం చెప్పను. చెబితే మీలో ఎవరో ఒకరు రేపు పొద్దున్నే బండి కట్టుకుని వెతకబోతారు, ఆ పాపం నాకెందుకు? ఆ ఊళ్ళో వారం వారం పెద్ద సంత జరిగేది. సంత నడిమధ్యన రాజుగారి త్రాసు ఉండేది. మీ ఇంట్లో కూరగాయలు తూచే త్రాసులాంటిది కాదు. పసుపు కొమ్ముల బస్తాకు బస్తానే పళ్ళెంలో పెట్టి తూచే త్రాసు.

ఆ త్రాసు దండె మధ్యలో గుండ్రటి కన్ను ఒకటుంది, కావాలంటే ఊడదీయగల కంచు కడియంలాంటిది. ఆ కన్నులో ఒక కంచు చీల దూరుతుంది. దండె బరువంతా దాని మీదే, ఊగడమంతా దాని మీదే. చీల బిగుతైతే త్రాసు మొండికేసి కదలదు. వదులైతే ఇష్టం వచ్చినట్టు వాలి అబద్ధం చెబుతుంది. ఊరి న్యాయమంతా బొటనవేలంత చీల మీద ఊగుతోందన్నమాట.

ఆ చీల చేసే ఇల్లు ఊరంతటికీ ఒక్కటే. అది రుద్రాచారి ఇల్లు. ఎందుకంటే తరిమెన ఉన్నది ఆ ఇంట్లోనే.

తరిమెన అంటే ఏమిటని ఒకరి మొహాలు ఒకరు చూసుకోకండి. ఇప్పుడు లేతు మిషను అంటారే, దానికి ముత్తవ్వ. కింద పలక ఉంటుంది, దాన్ని కాలితో తొక్కాలి. తొక్కితే పెద్ద చక్రం తిరుగుతుంది. చక్రానికి తోలుపట్టీ, పట్టీ చివర బిగింపు, బిగింపులో కంచు కడ్డీ. కడ్డీ గిర్రున తిరుగుతుంటే దానికి ఉలి ఆనించాలి. కంచు పొట్టు చుట్టలు చుట్టలుగా లేచిపోతుంది, కడ్డీ నున్నగా గుండ్రంగా వస్తుంది. చెబుతుంటే సులువుగానే ఉంది. చేసినవాళ్ళను అడగండి.

రుద్రాచారికి కొడుకులు లేరు. పేరమ్మ అని ఒక్కతే కూతురు. ఆ ఇంటి ఆచారం ఏమిటంటే, ఆడవాళ్ళు కొలిమి తిత్తి ఊదాలి, మగవాళ్ళు ఉలి పట్టాలి. పేరమ్మ చిన్నప్పటి నుంచి తలలో నెరుపు కనిపించేదాకా తిత్తి ఊదుతూనే ఉంది. తరిమెనను రోజూ తుడిచింది, నూనె రాసింది, పట్టీ తెగితే కుట్టింది. తొక్కడం మాత్రం ఏనాడూ తొక్కలేదు.

ఒక వేసవిలో రుద్రాచారి కాలం చేశాడు. పెద్దకర్మ అయిందో లేదో, ఆయన తమ్ముడి కొడుకు బసవాచారి గుమ్మంలో దిగాడు. అతను బలమైన మనిషి, కాళ్ళు రోకళ్ళలా ఉంటాయి. ఉలి కూడా కాస్త పట్టినవాడే. తరిమెనను తన ఇంటికి తీసుకుపోతానన్నాడు. తిత్తి ఊదేదానికి తరిమెన ఎందుకు అక్కా అన్నాడు. అందులో తప్పుగా మాట్లాడానని అతనికి అనిపించను కూడా లేదు.

పేరమ్మ ఒప్పుకోలేదు. తరిమెన వెళ్ళిపోతే ఆ ఇంట్లో కొలిమికి పని లేదు, తిత్తికి పని లేదు, ఆమెకూ పని లేదు. రేపటి నుంచి ఎవరింటికో వడ్లు దంచడానికి పోవాలి. అదొక్కటే కాదు. ఆ చక్రం తిరుగుతున్న చప్పుడు వింటూ పెరిగిన మనిషి ఆమె. నాన్న పోయాక ఆయనది అంటూ మిగిలింది ఆ చప్పుడే. దాన్ని ఇంకొకరింటికి పంపించి తాను ఎలా బతకాలో ఆమెకు తెలియలేదు.

తగవు రాజుగారి దాకా వెళ్ళింది. రాజుగారు మంచివాడే గానీ తొందర మనిషి. రెండు మాటల్లో తేల్చేశాడు. తరిమెనను ఆ ఇంటికి ఇచ్చింది మా తాతగారు, పని చేసేవాళ్ళకు ఇచ్చారు, కాబట్టి పని తెలిసినవాళ్ళదే తరిమెన అన్నాడు. త్రాసు చీల ఎలాగూ అరిగిపోయింది. కోతల సంతకు ముందు నేనే ఆ ఇంటికి వస్తాను, ఇద్దరూ నా కళ్ళ ముందు చెరో చీల తీయండి, ఎవరి చీల కన్నులో సరిగ్గా దిగితే తరిమెన వాళ్ళది అన్నాడు. అప్పటిదాకా ఒకరోజు ఆమె, ఒకరోజు అతను నేర్చుకోమన్నాడు.

సరిగ్గా దిగడం అంటే ఆ పనివాళ్ళలో ఒక లెక్క ఉంది. కన్నును బల్లపరుపుగా పట్టుకుని పైనుంచి చీలను వదలాలి. అది మధ్యలో ఆగకూడదు. దభీమని జారిపోకూడదు. తేనె కారినట్టు తన బరువుకు తానే మెల్లగా దిగాలి.

ఇంక పేరమ్మ అవస్థ వినండి. మొదటి రోజు కాలు ఆడితే చెయ్యి ఆగిపోయేది, చెయ్యి ఆడితే కాలు ఆగిపోయేది. రెండూ ఆడితే నాలుక బయటికొచ్చేది. కొన్నాళ్ళకు కాలు దారికొచ్చింది. ఇంకొన్నాళ్ళకు చెయ్యి దారికొచ్చింది. అప్పుడొచ్చింది ఆమెకు ధైర్యం. ధైర్యం వచ్చాక మనుషులు ఏం చేస్తారో మీకు తెలుసు కదా? ఇన్నిసార్లు కొంచెం కొంచెం గీకడమేమిటి, ఒక్కసారే లాగేద్దాం అనుకుంది. ఉలిని గట్టిగా అదిమింది.

టక్కుమంది. ఉలి కంచులో దిగబడింది, కడ్డీ వంకర తిరిగింది, ఉలి చేతిలోంచి ఎగిరి గోడకు గుచ్చుకుంది. ఆ గోడ మీద ఒక బల్లి ఉంది. ఉలికీ దాని తోకకూ మధ్య వేలెడు జాగా మిగిలింది.

బల్లి మాట్లాడుతుందా అని అడగొద్దు. ఈ కథలో మాట్లాడుతుంది. ఆ బల్లి తరిమెన పైన దూలం మీద ఎన్నో ఏళ్ళుగా కాపురముంది. రుద్రాచారి పని మొత్తం చూసింది. అది తోకను ఒకసారి సర్దుకుని, "ఎందుకు?" అంది.

పేరమ్మకు ఒళ్ళు మండింది. ఎందుకేమిటి, పాడైంది, అంతే అంది. వంకర కడ్డీని తీసి కొలిమిలో వేయబోయింది. కరిగిస్తే మళ్ళీ కంచే కదా.

"మీ నాన్న అలా వేసేవాడు కాదు," అంది బల్లి. "ఆ గూడు దేనికనుకున్నావు?"

తరిమెన పక్క గోడలో ఒక గూడుంది. రుద్రాచారి అప్పుడప్పుడు దాని ముందు నిలబడి ఏదో గొణుక్కునేవాడు. ఇన్నేళ్ళూ పేరమ్మ అది దేవుడి గూడు అనుకుంది. నాన్న దణ్ణం పెట్టుకుంటున్నాడు అనుకుని ఆ సమయంలో తిత్తి కూడా ఆపేసేది. దేవుడూ లేడు, దణ్ణమూ లేదు. పాడైన ముక్క ఏదైనా సరే, ఎందుకు పాడైందో నోటితో చెప్పేదాకా కొలిమిలో వేయకూడదు. అదీ రుద్రాచారి నియమం. అప్పటిదాకా ఆ ముక్క గూట్లోనే కూర్చుంటుంది. ఉలి పట్టేవాళ్ళకు మాత్రమే చెప్పే మాట గనక తిత్తి ఊదే కూతురికి ఆయన చెప్పనే లేదు.

పేరమ్మకు ఏడుపొచ్చింది. కొంతసేపు ఏడ్చింది కూడా. తరువాత వంకర కడ్డీని గూట్లో పెట్టి దాని ముందు నిలబడింది. ఒక్కసారే ఎక్కువ తీద్దామనుకున్నాను, ఆశపడ్డాను, అందుకే దిగబడింది అని పైకి చెప్పింది. గోడకు చెప్పడానికే ఆమెకు సిగ్గేసింది. కానీ చెప్పాక చెయ్యి కొంచెం తేలికపడింది.

రెండో చీలకు మెల్లగా, పల్చగా గీసింది. చూడడానికి ముచ్చటగా వచ్చింది. తీరా తిప్పి చూస్తే ఒక పక్క లావు, ఒక పక్క సన్నం. బల్లి మళ్ళీ ఎందుకు అంది. పేరమ్మ తరిమెననంతా వెతికింది. బిగింపు లోపల కిందటి రోజు పొట్టు ఒక ముక్క ఇరుక్కుని ఉంది. దాని మీదే కడ్డీని బిగించింది. కడ్డీ పక్కకు కూర్చుంది, పక్కకు కూర్చున్నది పక్కకే తిరిగింది. తుడవకుండా బిగించాను అని గూటికి చెప్పుకుంది. ఇల్లు రోజూ తుడిచే మనిషికి ఆ మాట చెప్పుకోవడం ఎంత కష్టమో ఇళ్ళు తుడిచేవాళ్ళకే తెలుస్తుంది.

మూడో చీల అద్భుతంగా కుదిరింది. రుద్రాచారి దాచిన కన్ను ఒకటి ఇంట్లో ఉంది, అసలు కన్నుకు జోడు. చీల తీసిన వెంటనే అందులో వదిలి చూసింది. తేనె కారినట్టు దిగింది. ఆ సాయంత్రం పేరమ్మ పాయసం వండుకుంది. బల్లికి కూడా ఒక చుక్క పెట్టింది, అది ముట్టుకోలేదనుకోండి.

పొద్దున్న లేచి మురిపెంగా మళ్ళీ వదిలి చూసింది. చీల దభీమని జారి కాలి మీద పడింది.

పేరమ్మకు మొదట బసవాచారి మీద అనుమానం వచ్చింది. ఎప్పుడో వచ్చి నా చీల మార్చేశాడు అంది. నేను ఇక్కడే ఉన్నాను, ఎవరూ రాలేదు, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు అంది బల్లి. అని ఊరుకుందా, ఎందుకు అని కూడా అడిగింది. పేరమ్మ ఆ రోజంతా ఆ చీలను పట్టుకుని కూర్చుంది. కంచు రాత్రికి రాత్రి చిక్కిపోతుందా? అన్నం మానేసిందా ఏమైనా?

చివరికి ఆమెకు దారి చూపించింది ఉలి కాదు, తిత్తి. బండి చక్రానికి ఇనప కట్టు వేసే రోజున ఆమె ఎన్నోసార్లు తిత్తి ఊదింది. కట్టును ఎర్రగా కాలిస్తే అది పెద్దదవుతుంది, అప్పుడే చక్రానికి తొడుగుతారు. చల్లారాక చిన్నదై బిగుసుకుంటుంది. మరి ఉలి రాపిడికి చీల వేడెక్కదా? వేడెక్కింది, ఉబ్బింది. ఉబ్బిన చీలను కొలిచి సరిపోయిందనుకుంది. చల్లారాక దాని అసలు ఒళ్ళు బయటపడింది. వేడి మీద కొలిచాను అని గూటికి చెప్పింది. ఈసారి సిగ్గు పడలేదు, సంతోషంగానే చెప్పింది.

ఇక్కడ బసవాచారి సంగతి కూడా చెప్పాలి. తన వంతు రోజున అతను వచ్చేవాడు. చక్రం రయ్యిన తిరిగేది. కంచు పొట్టు వానలా పడేది. అతని చీలలూ పాడయ్యేవి, కాకపోతే ఎవరూ చూసేవాళ్ళు కాదు. పాడైందని తెలియగానే ఆ చీల కొలిమిలోకి పోయేది. బల్లి ఒకసారి అతన్నీ ఎందుకు అని అడిగింది. అతను నూనెగుడ్డ విసిరాడు. గూట్లో వరసగా కూర్చున్న పేరమ్మ ముక్కలు చూసి, చెత్తకు దీపం కూడా పెడతావా అక్కా అని నవ్వాడు. ఆ రోజు పేరమ్మకు వాటిని తీసి దాచేయాలనిపించింది. చెయ్యి గూటిదాకా వెళ్ళింది. ఏమనుకుందో, వెనక్కి తీసేసుకుంది.

పరీక్ష రోజు రానే వచ్చింది. రాజుగారు వచ్చి తరిమెనకు ఎదురుగా వాకిట్లో పీట వేసుకుని కూర్చున్నాడు. సంత జనమంతా గోడల మీదికి ఎక్కారు. త్రాసు కన్నును పట్టుబట్టలో చుట్టి తెచ్చారు.

ముందు బసవాచారి తొక్కాడు. చూడాలి ఆ తొక్కుడు, నేనే అయితే చప్పట్లు కొట్టేవాణ్ణి. జనం కొట్టారు కూడా. పొద్దు ఇంకా గోడ దాటి రాలేదు, చీల అయిపోయింది. చేతిలో నిలవనంత వేడిగా ఉన్న చీలను గుడ్డతో పట్టుకుని కన్నులో వదిలాడు. తేనె కారినట్టు దిగింది. జనం ఈలలు వేశారు. రాజుగారు తల ఊపి, చీలను పక్కన పెట్టించాడు.

తరువాత పేరమ్మ వంతు. కన్ను దుమ్ములో పడకుండా ఆమె దాన్ని వాకిట్లో రాతి అరుగు మీద జాగ్రత్తగా పెట్టుకుంది. బిగింపు తుడిచింది. పల్చగా గీయడం మొదలుపెట్టింది. గీస్తుంది, ఆపుతుంది, చీల మీద చన్నీళ్ళు పోస్తుంది, అది చల్లబడేదాకా కూర్చుంటుంది, కన్ను వెడల్పుకు ముందే బిగించుకున్న కొలత పట్టకారుతో కొలుస్తుంది. మళ్ళీ గీస్తుంది. జనానికి ఆవలింతలు వచ్చాయి. రాజుగారికి ఆకలి వేసింది. ఎండ నడినెత్తికి వచ్చాక ఆమె చీల తీసి, అరుగు మీది కన్నును పట్టుబట్టతో అందుకుని, అందులో వదిలింది.

దభీమని జారి రాతి మీద పడింది. ఖణేల్‌మని మోగింది.

జనం గొల్లున నవ్వారు.  తరిమెన పోయింది, ఇల్లు మూగబోయింది అనుకుంది పేరమ్మ. బసవాచారి వంగి ఆ చీలను తీసి కొలిమి వైపు నడిచాడు, ఆట అయిపోయినట్టు.

అప్పుడు పేరమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "ఆగు తమ్ముడూ. ఎందుకు పాడైందో చెప్పకుండా ఈ ఇంట్లో ముక్క కొలిమిలోకి పోదు."

అయితే చెప్పు అన్నాడు రాజుగారు విసుగ్గా. ఇంకా తెలియదు ప్రభూ అంది ఆమె. జనం మళ్ళీ నవ్వారు. ఆమె చీలను చేతిలోకి తీసుకుంది. చల్లగా ఉంది. ఈసారి కన్నును వట్టి చేత్తో తీసుకుంది. చురుక్కుమంది. అరుగు మీద చెయ్యి పెట్టింది. పెనంలా కాలుతోంది. పొద్దున్న అక్కడ నీడ ఉంది. నీడ జరిగిపోయింది, కన్ను మాత్రం ఎండలో ఉండిపోయింది. ఎండకు ఉబ్బింది.

"తప్పు నాదే ప్రభూ," అంది. "చీల చల్లారిందా లేదా అని చూసుకున్నాను గానీ కన్నును ఎండలో పెట్టి మరిచాను. దాన్ని అక్కడ పెట్టింది నేనే. కన్నునూ మా ఇద్దరి చీలలనూ ఒకే కుండలో వేసి చల్లారాక చూడండి. అప్పుడూ నాది జారిపోతే తరిమెన తీసుకుపోనివ్వండి."

ఓడిపోయాక ఎన్ని సాకులైనా దొరుకుతాయి అన్నాడు బసవాచారి. రాజుగారికి కూడా అలాగే అనిపించింది, ఆకలి మీద ఉన్నాడు కదా. లేవబోయాడు. సరిగ్గా అప్పుడు దూలం మీద బల్లి కిచకిచమంది. జనమంతా ఒక్కసారి పైకి చూశారు. మాట్లాడుతుండగా బల్లి పలికితే ఆ మాట నిజమని మన ఇళ్ళలో అనరూ? రాజుగారూ ఆ మాట వింటూ పెరిగినవాడే. మళ్ళీ పీట మీద కూర్చుని కుండ తెమ్మన్నాడు.

చన్నీళ్ళ కుండలో కన్నూ, రెండు చీలలూ మునిగాయి. రాజుగారు తీరిగ్గా తాంబూలం వేసుకున్నాడు. అది నమిలి ఊసేదాకా కుండను ఎవరినీ కదపనివ్వలేదు. తరువాత అన్నీ తీయించి, తుడిపించి, కన్నును తానే చేత్తో పట్టుకున్నాడు.

ముందు బసవాచారి చీల వదిలారు. అది కన్ను అంచు తగిలిందో లేదో కిందకి జారిపోయి, దొర్లుకుంటూ రాజుగారి కాలి దగ్గర ఆగింది.

తరువాత పేరమ్మ చీల వదిలారు. అది కన్నులో నిలబడింది. ఆగిపోయిందేమోనని పేరమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. ఆగలేదు. దిగుతోంది. గోడల మీది జనం ఊపిరి బిగబట్టి చూస్తుంటే, తేనె కారినట్టు, తన బరువుకు తానే, మెల్లగా దిగి రాజుగారి అరచేతిలో కూర్చుంది.

రాజుగారు బసవాచారి వైపు తిరిగి, పొద్దున్న సరిపోయిన చీల ఇప్పుడు ఎందుకు జారింది నాయనా అని అడిగాడు. అతను తెలియదన్నాడు. ఇంతకుముందెప్పుడైనా ఇలా జరిగిందా అని అడిగితే తల వంచుకున్నాడు. 

"జరిగింది ప్రభూ. సాయంత్రం సరిపోయినవి మళ్ళీ నా వంతు వచ్చేసరికి వదులైపోయేవి. ఎవరైనా చూస్తారని కరిగించేసేవాణ్ణి."

తరిమెన పేరమ్మదేనని రాజుగారు అక్కడికక్కడే తేల్చి, పస్తు కడుపుతో భోజనానికి పరుగెత్తాడు. ఆమె చీలను ఆ మధ్యాహ్నమే త్రాసుకు ఎక్కించారు. కోతల సంతలో త్రాసు ఎంత చక్కగా ఊగిందో, పసుపు రైతులు ఎంత సంబరపడ్డారో నేను వేరే చెప్పక్కరలేదు.

జనం వెళ్ళిపోయాక బసవాచారి కూడా లేచాడు. పేరమ్మ అతని చీలను అతని చేతిలోనే పెట్టింది. కొలిమిలో వేయకు తమ్ముడూ, గూట్లో ఇంకా చోటుంది అంది.  నూనెగుడ్డ విసిరినవాడికి గోడతో మాట్లాడడం అంత సులువా? చివరికి చీలను గూట్లో పెట్టి, వేడి మీద కొలిచాను అని చెప్పాడు. పైనుంచి బల్లి ఈసారి ఎందుకు అని అడగలేదు.

ఆ తరువాత తరిమెన మీద పేరమ్మ, తిత్తి దగ్గర బసవాచారి. పని ఎక్కువైనప్పుడు ఇద్దరూ వంతులు మార్చుకునేవాళ్ళు కూడా. ఆ ఇంటి ఆచారం ఏమైంది అని ఎవరైనా అడిగితే, గూడు ముందు నిలబడే ఆచారం ఒక్కటీ మిగుల్చుకున్నాం అనేది పేరమ్మ.

నీతి ఏమిటంటే: తన తప్పుకు కారణం నోరారా చెప్పుకున్నవారికి ఆ తప్పే పని నేర్పుతుంది, ఎవరూ చూడకముందే కరిగించి దాచేసినవారి చేతికి ఆ తప్పు మళ్ళీ మళ్ళీ వస్తుంది.